ముదిరిన రెక్క

పోయిన వారం మనం బుల్లియ్యని రాజమండ్రిలో ఒక ఫిజియోథెరపీ గది బయట స్టీలు బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అక్కడ విప్పక్కర్లేదని అతనికి ఎవరూ చెప్పలేదు. లోపల అతని కూతురు వీరదుర్గ ఉంది. ఆమె కుడి భుజాన్ని ఫొటోలు తీసిన స్కాన్ కవరు ఉంది. ఆ కవరు పట్టుకుని ధవళేశ్వరం నుంచి వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన కోచ్ లోవరాజు గారు ఉన్నారు. తొమ్మిది రోజుల్లో సామర్లకోటలో రాష్ట్ర జట్టుకి సెలక్షన్.

సెలక్షన్ అంటే గోదావరి మీద పడవ పందెం కాదు. నాలుగ్గోడల మధ్య రోయింగ్ మెషిన్ మీద. ముందూ వెనక్కీ జారే సీటు, గొలుసు చివర ఒక పిడి, ఎదురుగా బూరలా ఊదే పెద్ద ఫ్యాను. పిడి పట్టుకుని లాగుతూ ఉంటే ఎన్ని మీటర్లు వెళ్ళామో చిన్న తెర మీద అంకెలు పడతాయి. మనిషి మాత్రం ఉన్నచోటే ఉంటాడు. వీరదుర్గ తల్లి వీరవేణి మొదటిసారి చూసినప్పుడు, "ఇదేం పడవే, గట్టే చేరదూ!" అని నవ్వింది. ఆ గట్టు చేరని పడవ మీద రెండు వేల మీటర్లు ఏడు నిమిషాల యాభై సెకన్లలోపు లాగితే శిబిరంలో చేర్చుకుంటారు. ఇరవై మూడేళ్ళు నిండినవాళ్ళకి అవకాశం లేదు. వీరదుర్గకి శ్రావణంలో నిండుతాయి. ఇదే ఆఖరుసారి.

తలుపు తెరుచుకుంది. "బుల్లియ్యగారూ, లోపలికి రండి" అంది ఫిజియోథెరపిస్టు క్రిస్టినా. ముప్పై ఏళ్ళ పిల్ల, తెల్లకోటు, గొంతు ఎప్పుడూ పెంచదు. బుల్లియ్యకి ఆ పెంచని గొంతంటేనే భయం.

లోపల వీరదుర్గ ఎత్తు మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. తండ్రి వంక చూడలేదు.

"ఇది చూడండి" అంది క్రిస్టినా, వెలుగుతున్న తెర మీద స్కాన్ చూపిస్తూ. "కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిదండి ఇది. టెండన్ అంటాం. మొన్న మార్చిలో తీసినప్పుడు పావు వంతు తెగి ఉంది. ఇప్పుడు సగం దాటింది."

బుల్లియ్యకి ఆ బూడిదరంగు మచ్చల్లో ఏమీ కనిపించలేదు. తాడు అన్న మాట ఒక్కటే అర్థమైంది. సగం తెగిన తాడుతో వల లాగితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"మీరు చెప్పినట్టే చేసిందండి మేడమ్‌గారూ" అన్నాడు. "ఫ్యాను పక్కన బరువు పెంచే మీట మూడు దాటించలేదండి. రబ్బరు పట్టీ కట్టుకుని రోజూ లాగిందండి, ఐసు పెట్టుకుందండి. వల తాడు ముట్టుకోనివ్వలేదండి నేను. బిందె కూడా వాళ్ళమ్మే మోసిందండి."

"నిజమేనండి, అన్నీ చేసింది. అయినా ఎందుకు పెరిగిందో నాకూ అంతు పట్టలేదు. అందుకే సార్‌ని వీడియో అడిగాను."

లోవరాజు గారు ఫోను తీసి బల్లకి ఆనించి నిలబెట్టారు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకుంటూ, పొద్దున్నే కాలవ గట్టు షెడ్డులో పిల్లలకి రోయింగ్ నేర్పే మనిషి ఆయన. జీతం కోసం ఆఫీసుకీ, ప్రాణం కోసం షెడ్డుకీ వెళ్తానంటారు. ఆ రోజు మాత్రం ముఖం వేలాడేసుకుని ఉన్నారు.

వీడియోలో వీరదుర్గ లాగుతోంది. ముందు కాళ్ళు తన్నింది, తర్వాత నడుం వాలింది, ఆ తర్వాతే చేతులు పొట్ట దగ్గరికి వచ్చాయి. మళ్ళీ అదే వరస.

"ఎంత బావుందో చూడండి. బలమంతా కాళ్ళదే. చెయ్యి పిడిని పట్టుకుని ఉందంతే, భుజం మీద బరువే లేదు. ఇలా లాగితే ఈ దెబ్బతో కూడా నెట్టుకురావచ్చు. పదిహేను వందల మీటర్ల దాకా ఇలాగే ఉంది" అంది క్రిస్టినా.

అప్పుడు ఫోనులోంచి ఒక గొంతు వినిపించింది. "రెక్క! రెక్కమ్మా! రెక్క!"

తన గొంతు తనకే వినపడేసరికి బుల్లియ్య ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక లోవరాజు గారు కిటికీ వైపు తిరిగారు.

క్రిస్టినా వీడియో ఆపింది. "ఇక్కడ చూడండి."

తెర మీద బిగుసుకుపోయిన వీరదుర్గ కుడి భుజం చెవి దాకా లేచి ఉంది. కాళ్ళు ఇంకా ముడిచే ఉన్నాయి, మోచెయ్యి మాత్రం అప్పుడే వంగిపోయింది. ఒళ్ళంతా ఆ ఒక్క భుజానికి వేలాడుతోంది.

"ఆఖరి అయిదు వందల మీటర్లూ ఇలాగేనండి. అలసిపోయాక మీ గొంతు వినపడగానే నేర్చుకున్నదంతా వదిలేసి చేత్తో లాగేస్తోంది. పాత వీడియోలు కూడా చూశాను. ప్రతిసారీ అంతే."



ఆ రెక్క సంగతి మీకు చెప్పాలి. వీరదుర్గకి ఎనిమిదేళ్ళప్పుడు బుల్లియ్య ఆమెని పడవ ముందు భాగాన కూర్చోబెట్టి తెడ్డు చేతికిచ్చాడు. పడవలో కాళ్ళు మడిచి కూర్చుంటారు, తన్నడానికి ఏమీ ఉండదు. నీటిని లాగేది చెయ్యే. వెనక కూర్చుని తెడ్డు తెడ్డుకీ "రెక్క!" అని పలికేవాడు. ఎదురు నీటిలో పిల్ల ఆగిపోతుందనిపిస్తే గొంతు పెంచేవాడు. అతని తండ్రీ అతనికి అలాగే పలికేవాడు. పద్నాలుగేళ్ళు ఆ మాట వింటూ ఎదిగిన పిల్ల. ఆ మాటకి ఆమె చెయ్యి ఆమెని అడక్కుండానే కదులుతుంది.

"నాన్ననేం అనకండి మేడమ్" అంది వీరదుర్గ. "ఆయన పలికితేనే నాకు ఊపిరి ఆడుతుంది."

"నేనే రమ్మన్నానండి ఆయన్ని" అన్నారు లోవరాజు గారు కిటికీ దగ్గర నుంచే. "ఆయన ఉన్న రోజు నాలుగు సెకన్లు తగ్గేవి. నాలుగు సెకన్లు! నేను చూసింది ఆ గడియారం ఒక్కటే."

క్రిస్టినా కాగితం మీద ఏదో రాసుకుంటూ అడిగింది. "మొట్టమొదట నొప్పి ఎప్పుడొచ్చింది దుర్గా?"

"పదిహేనేళ్ళప్పుడు."

"అప్పుడేం చేశారు?"

సమాధానం చెప్పింది బుల్లియ్య.

"కొరమీను పులుసు వండించానండి."

క్రిస్టినా కలం ఆగింది. "అర్థం కాలేదండి."

"మా పేటలో అంతేనండి. వల లాగే పిల్లలకి భుజంలో మొదటిసారి నొప్పొస్తే రెక్క ముదురుతోంది అంటామండి. అంటే ఇంక పనికొచ్చే మనిషైనట్టండి. ఆ రోజు ఇంట్లో మంచి చేప వండుతారండి. మగపిల్లలకే వండుతారు. నేను దీనికీ వండించానండి. మా అన్నదమ్ములు నవ్వారు. నవ్వితే నవ్వారని, నా కూతురి రెక్క ముదిరిందని పేటంతా చెప్పుకొచ్చానండి."

 ఏడేళ్ళ కిందటి ఆ పులుసు వాసన అతనికి ఇప్పటికీ గుర్తే. పిల్ల ఎడమచేత్తో తింది. ఎందుకమ్మా అంటే, కుడిచెయ్యి లేవట్లేదు నాన్నా అంది. అందరూ సంతోషంగా నవ్వారు. అతనూ నవ్వాడు.

"మీరోసారి కుడిచెయ్యి పైకెత్తండి" అంది క్రిస్టినా.

ఎత్తాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంకా పైకి."

"అంతేనండి అది."

"చొక్కా ఎలా వేసుకుంటారు?"

ఇదేం ప్రశ్నని బుల్లియ్య తికమకపడ్డాడు. అయినా చొక్కా విప్పి, మళ్ళీ వేసుకుని చూపించాడు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, వస్తువుని ఎత్తినట్టు ఎత్తి, ముందు కుడి చేతిని తొడిగి, తర్వాత ఎడమది. "ఇలాగండి. మావాళ్ళందరం ఇలాగే వేసుకుంటామండి."

"మీది ఎప్పుడు తెగింది?"

"తెగడమేంటండీ! నలభై దాటినవాళ్ళందరికీ మా దగ్గర ఇంతేనండి. వయసు."

అంటుండగానే బుల్లియ్యకి మెల్లగా అర్థమైంది. తన తండ్రి చొక్కా వేసుకోవడం గుర్తొచ్చింది, పెద్దన్న వేసుకోవడం గుర్తొచ్చింది. పేటలో దండేలన్నీ రొమ్ము ఎత్తుకి ఎందుకు కట్టుకుంటారో గుర్తొచ్చింది. అందరివీ తెగినవే. తెగిన చేతులకి ముదిరిన చేతులని పేరు పెట్టుకుని, చేపల పులుసు తిని, పిల్లల్ని కూడా ఆ వరసలోకి లాక్కొచ్చారు.  

"సెలక్షన్‌కి వెళ్తాను మేడమ్" అంది వీరదుర్గ.

"నేను వద్దనే చెప్తాను. కాగితం మీద రాసి కూడా ఇస్తాను. ఆరు నెలలు ఆగితే దారిలో పడుతుంది, లేకపోతే ఆపరేషన్ దాకా పోతుంది."

"ఆరు నెలలాగితే నాకు వయసు దాటిపోతుందండి."

 క్రిస్టినా నిట్టూర్చి మంచం పక్కకి వచ్చి నిలబడింది. "రెండు చేతులూ చెవులకి ఆనేలా పైకెత్తు."

వీరదుర్గ ఎత్తింది. పళ్ళు బిగించింది గానీ ఎత్తింది.

"ఇవాళ్టికి లేస్తోంది. సెలక్షన్ మర్నాడు మెడికల్ ఉంటుంది, మొదట అడిగేది ఇదే. ఇంకొంచెం తెగితే ఇది లేవదు. టైము సాధించినా ఇంటికి పంపేస్తారు. వెళ్ళితీరాలంటే రెండువేల మీటర్లూ కాళ్ళతోనే లాగాలి. ఆఖరి అయిదు వందలూ కూడా." అని బుల్లియ్య వైపు తిరిగింది. "మీరు ఆ హాల్లో ఉండకండి."

బుల్లియ్య తలూపాడు. చెప్పులు మళ్ళీ చేతిలోకి తీసుకుని మెట్లు దిగాడు.

ఇంటికొచ్చాక వీరవేణి అంతా విన్నది. చేపల గంప దించి, మొగుడి ముందు కూర్చుని, కేకలెయ్యడం మొదలెట్టబోయింది. ఆమె నోరు గురించి పేటలో కథలున్నాయి. కానీ మొగుడి ముఖం చూసి ఊరుకుంది. "పోనీ మాట మార్చవయ్యా" అంది చివరికి. "రెక్క అనకుండా కాళ్ళు అను. నోటికేం పనుంది, ఏది అంటే అది పలుకుద్ది."

ఎంత తేలిగ్గా చెప్పింది! మర్నాటి నుంచి బుల్లియ్య ఒంటరిగా పడవ మీద నేర్చుకోవడం మొదలెట్టాడు. తెడ్డు వేస్తూ "కాళ్ళు! కాళ్ళమ్మా! కాళ్ళు!" అని. మొదటి రెండు రోజులూ తెడ్డు ఒక పక్కకీ నోరు ఒక పక్కకీ పోయాయి. పక్క పడవలోంచి బావమరిది చిట్టియ్య, "ఏంటి బావా, ఎవరి కాళ్ళు పట్టుకుంటన్నావు పొద్దుటే?" అని వేళాకోళం చేశాడు. బుల్లియ్య నవ్వలేదు. అయిదో రోజుకి మాట కుదిరింది. ఎనిమిదో రోజుకి తెడ్డుకీ మాటకీ జత కలిసింది. హాల్లోకి వెళ్ళనని మాటిచ్చాడు, వెళ్ళడు. అయినా ఒకవేళ అవసరమైతే సరైన మాట తన నోట్లో సిద్ధంగా ఉండాలని ఆ మనిషి పడ్డ ఆరాటం అది.

సెలక్షన్ రోజు పొద్దున్న రైలు దిగి సామర్లకోట హాలుకి చేరేసరికి తొమ్మిదైంది. పదకొండుమంది అమ్మాయిలు. మెషిన్లు రెండున్నా ఒకటి పాడైంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు. వీరదుర్గది ఏడో పేరు. లోపలికి వెళ్తూ తండ్రి వైపు తిరిగింది.

"ఇక్కడే ఉంటావుగా నాన్నా?"

"ఎక్కడికి పోతానమ్మా. ఈ అరుగు మీదే ఉంటాను. కాళ్ళమ్మా, కాళ్ళు."

"తెలుసులే" అంది. నవ్వింది కూడా.

అరుగు మీద కూర్చుంటే గోడ పైభాగాన ఉన్న గాలి కంతల్లోంచి ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. చూడక్కర్లేకుండానే బుల్లియ్యకి తెలుస్తుంది. తన్నినప్పుడు బుస్సుమని ఊదుతుంది, సీటు ముందుకి జారినప్పుడు తగ్గుతుంది. ఆరుగురి చప్పుళ్ళు విన్నాడు. ఏడోది మొదలైంది. అది తన కూతురిదే. పొడుగ్గా, నింపాదిగా, ఒక్కలా ఉంది. కాళ్ళే లాగుతున్నాయి. అతను వేళ్ళతో మోకాలి మీద లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు. లోపల ఎవరో "వెయ్యి!" అన్నారు. తర్వాత లోవరాజు గారి గొంతు, "పన్నెండొందలు! బావుందమ్మా!" అని. ఇంకాసేపటికి "పదిహేనొందలు!"

అక్కడ చప్పుడు మారింది.

బుస బుసకీ మధ్య సందు పెరిగింది. ఊపు తగ్గింది. ఎదురు నీటిలో పడవ ఆగిపోయే ముందు ఎలా ఉంటుందో బుల్లియ్యకి తెలుసు, అలాగే ఉంది. అతను లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మూసిన తలుపు, లోపల కూతురు, బయట తను. ఎనిమిది రోజులుగా నేర్చుకున్న మాట నాలుక చివర ఉంది. అనకూడదు, మాటిచ్చాడు. అనకపోతే ఆగిపోతుంది. పదహారొందలు అన్నారు. పదిహేడొందలు అనడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు లోపల్నుంచి ఒక్క కేక. "నాన్నా!"

ఊపిరి లేని గొంతు. ఎదురు నీళ్ళలో ఎనిమిదేళ్ళ పిల్ల పిలిచినట్టే పిలిచింది. పలుకు అని పిలుపు.

బుల్లియ్య గోడకి రెండు చేతులూ ఆనించి, గాలి కంతల వైపు తలెత్తి, గుండెలు పగిలేలా అరిచాడు.

"రెక్క! రెక్కమ్మా! రెక్క!"

అరిచాక గానీ ఏమరిచాడో అతనికి వినిపించలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే లోపల ఫ్యాను పైకి లేచింది. ఉధృతంగా, పొట్టిగా, ఒకదాని మీద ఒకటి. ఆ చప్పుడు కాళ్ళది కాదు. బుల్లియ్య నోటి మీద చేతులు తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు కాళ్ళు అని అరవాలనుకున్నాడు. గొంతు రాలేదు. ఫ్యాను ఇంకా లేస్తోంది.

టప్పుమంది. పిడి చేతిలోంచి జారితే గొలుసు లాక్కుపోయి మెషిన్‌కి కొట్టుకునే చప్పుడు అది. ఆ తర్వాత ఫ్యాను తనంతట తాను తిరిగి తిరిగి నెమ్మదిగా ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. లోవరాజు గారు పరిగెత్తుకుంటూ బయటికి వచ్చారు. కళ్ళ నిండా నీళ్ళు. బుల్లియ్యని వాటేసుకున్నారు.

"ఏడూ నలభై ఎనిమిదండీ! ఏడూ నలభై ఎనిమిది! మన అమ్మాయి జట్టులోకి వచ్చేసిందండి! రేపు పొద్దున్న పదింటికి మెడికల్, అదైపోతే అక్కణ్ణుంచే శిబిరానికి. వినపడుతోందా బుల్లియ్యగారూ?"

వినపడింది. బుల్లియ్య ఆయన భుజం మీదుగా హాల్లోకి చూస్తున్నాడు. అమ్మాయిలు చుట్టూ చేరి చప్పట్లు కొడుతున్నారు. వీరదుర్గ మెషిన్ పక్కన నిలబడి ఉంది. నవ్వుతోంది. అందరికీ తలూపుతోంది. కుర్చీ మీదున్న జట్టు కోటు ఎవరో అందించారు. నీలంరంగు, వీపు మీద రాష్ట్రం పేరు. తీసుకుంది.

ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుంది. వస్తువుని ఎత్తినట్టు ఎత్తింది. ముందు కుడి చేతిని తొడిగింది, తర్వాత ఎడమది.

గుమ్మం దగ్గరికి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. నవ్వు ముఖాన ఇంకా అలాగే ఉంది, అందరూ చూస్తున్నారు కదా. గొంతు మాత్రం అతనికి ఒక్కడికే వినపడేలా తగ్గించింది.

"నాన్నా, రేపు రెండు చేతులూ పైకెత్తమంటారు."